ఛోటీ యే మారినట్టే వై కూడా మారుతుంది



ఈసారి సియాసత్ కాదు, మిర్చి రేట్లూ కాదు. ఇంగ్లీషు అక్షరం ఒకటి, ఇంగ్లీషు గుర్తు ఒకటి. అక్షరం పేరు వై. గుర్తు పేరు అపాస్ట్రఫీ, మనవాళ్లు ‘పై కామా’ అంటారే, అది. ఇంత చిన్న సంగతికి ఇంత పొడుగు వ్యాసమా అని అడగకండి. ఈ రెండింటి దగ్గరే మన పిల్లల నోటుబుక్కుల్లో ఎర్ర సిరా ఎక్కువ పడుతోంది. ఆ ఎర్ర సిరా చూసి మన అమ్మీలు, ఖాలాలు, ఫుప్పులు ‘మాకు రాదు బేటా, ట్యూషన్లో అడుగు’ అని పుస్తకం మూసేస్తున్నారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వాళ్లకు వచ్చు. ఉర్దూ రాయడం తెలిసిన ఏ తల్లికైనా ఈ సబక్‌లో సగం ముందే తెలుసు. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందు మన మిర్చి నుంచే మొదలుపెడదాం. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల బోర్డులు చదువుతూ ఒకసారి నడవండి. కమీషను దుకాణాలు, కోల్డ్ స్టోరేజీలు, కారం మిల్లులు. అన్నిచోట్లా ఒకే సరుకు, పేరు మాత్రం రకరకాలు. ఒకరు చిల్లీ అని రాసి చివర ఐ పెడతారు. ఒకరు వై పెడతారు. ఒకరు ఒక ఎల్ తీసేస్తారు. ఇంకొకరు వై రాసి, పై కామా పెట్టి, ఎస్ తగిలిస్తారు. ఇందులో నవ్వుకోవాల్సింది ఏమీ లేదు, చెబుతాను.

మిరప మొక్క మన నేలది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. ‘చిల్లీ’ అనే మాట కూడా అక్కడిదే. మెక్సికోలో నహువాట్ల్ మాట్లాడే జనం వాడిన పదం స్పానిష్‌లోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి చేరింది. బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు, చివర ఐ. అమెరికా వాళ్లు ఒకే ఎల్‌తో రాస్తారు. మన సన్నం మిర్చికి వచ్చిన జీఐ గుర్తింపులో కూడా ‘గుంటూరు సన్నం చిల్లీ’ చివర ఐ అక్షరమే ఉంది. చిక్కంతా బహువచనంలో వస్తుంది. ఒకటి కన్నా ఎక్కువైతే చివర ఐ-ఈ-ఎస్ రాస్తారు. మిరపకాయల నాణ్యత గురించి ఐఎస్ఓ ఇచ్చిన ప్రమాణం ఒకటుంది, నంబరు 972. దాని పేరులోనూ చిల్లీస్ అని ఐ-ఈ-ఎస్‌తోనే ఉంది.

ఇప్పుడు బోర్డు రాయించిన సేఠ్‌గారి వైపు నుంచి ఆలోచించండి. ఆయన బడిలో ఒక సూత్రం నేర్చుకున్నాడు: చివర ఐ-ఈ-ఎస్ ఉందంటే ఏకవచనంలో వై ఉండాలి. సిటీస్‌కి సిటీ, లారీస్‌కి లారీ. అదే లెక్కన చిల్లీస్ నుంచి వెనక్కి నడిచి వై దగ్గర ఆగాడు. అది తెలివైన మనిషి చేసే పొరపాటు. సూత్రం రానివాడికి ఆ వై తట్టనే తట్టదు. కాకపోతే ఇంగ్లీషులో వైతో రాసే చిల్లీ అంటే ముందు తట్టే అర్థం ‘చలిగా ఉన్నది’. మే నెల గుంటూరు ఎండలో నిలబడి చల్లటి పొడి అమ్ముతున్నట్టు అవుతుంది. అంతే తేడా.

సరే, ఆ సూత్రం ఏమిటో పూర్తిగా చూద్దాం. మాట చివర వై ఉంటే, దాని ముందున్న అక్షరాన్ని చూడాలి. అది హల్లు అయితే వై పోయి ఐ వస్తుంది, దాని వెనక ఈ-ఎస్ చేరుతుంది. లేడీ, లేడీస్. ఫ్యామిలీ, ఫ్యామిలీస్. బేకరీ, బేకరీస్. వై ముందు అచ్చు ఉంటే, అంటే ఎ, ఈ, ఓ, యు లాంటిది అండగా నిలబడితే, వై కదలదు. ఊరికే ఎస్ చేరుతుంది. బాయ్, బాయ్స్. డే, డేస్. కీ, కీస్. మంకీ, మంకీస్. క్రియలకూ ఇదే ఖాయిదా. కళ్లంలో కాయలు ఆరబోసే పని తీసుకోండి. డ్రై అనే మాటలో వై ముందు ఆర్ ఉంది, హల్లు. కాబట్టి డ్రైస్, డ్రైడ్ రెండిట్లోనూ వై పోయి ఐ వస్తుంది. ప్లే అనే మాటలో వై ముందు ఎ ఉంది, అచ్చు. ప్లేస్, ప్లేడ్ రెండిట్లోనూ వై అలాగే ఉంటుంది.

ఇక ఐ-ఎన్-జీ వచ్చి చేరితే వై ఎక్కడా మారదు. డ్రైయింగ్, స్టడీయింగ్, క్యారీయింగ్, అన్నిట్లో వై పదిలం. కారణం తేలిక. ఐ-ఎన్-జీ మొదలయ్యేదే ఐతో. వై కూడా ఐ అయిపోతే రెండు ఐలు పక్కపక్కన పడతాయి. ఇంగ్లీషుకు అది నచ్చదు. స్కీయింగ్ లాంటి ఒకటీ అరా తప్ప అలా రాయరు. ఇదే ఇష్టం ఇంకోవైపు కూడా పనిచేస్తుంది. టై అంటే కట్టడం, చివర ఐ-ఈ. గోనె సంచి మూతి కడుతున్నాడు అనాలంటే ఐ-ఈ రెండూ పోయి వై వచ్చి కూర్చుంటుంది. డై, లై అనే మాటలూ అంతే.

ఎందుకిలా? ఒకప్పుడు ఇంగ్లీషు రాతలో ఐ, వై రెండూ ఒకదాని బదులు ఒకటి వాడేవాళ్లు. సిటీ, లేడీ లాంటి మాటల చివర ఐ-ఈ రాయడం షేక్‌స్పియర్ కాలం నాటి అచ్చు పుస్తకాల్లో మామూలు. తర్వాత తర్వాత మాట చివరికి వై, మధ్యకి ఐ అనే అలవాటు కుదిరింది. చివర్లో ఉన్నప్పుడు ఒక రూపం, వెనక ఇంకేదైనా వచ్చి మధ్యలో పడితే ఇంకో రూపం.

ఈ మాట విన్నాక ఉర్దూ చదివినవాళ్లకు ఏమీ గుర్తు రాలేదా?

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా ఉస్తాద్ తఖ్తీ మీద ఖలంతో రాయించేవారు. ఛోటీ యే దగ్గర ఆయన చాలాసేపు ఆగేవారు. ‘లడ్కీ’ అని రాస్తే చివర ఛోటీ యే గుండ్రంగా, గిన్నెలా, తోక వెనక్కి తిప్పుకుని కూర్చుంటుంది. నుక్తా ఉండదు. ‘లడ్కియాఁ’ అని రాసినప్పుడు? ఆ యే ఇప్పుడు చివర లేదు, మధ్యలోకి వచ్చింది. గిన్నె పోయింది, తోక పోయింది. చిన్న పంటి లాంటి రూపంలోకి కుదించుకుని, కింద రెండు నుక్తాలు పెట్టుకుంది. రోటీ, రోటియాఁ. కుర్సీ, కుర్సియాఁ. టోపీ, టోపియాఁ. మాట చివర యే ఒకలా, మధ్యలో ఇంకోలా ఉంటుందని ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు.

ఇప్పుడు లేడీ, లేడీస్ చూడండి. చివర ఉన్నప్పుడు వై కింద పొడుగాటి తోక ఉంది. వెనక ఈ-ఎస్ వచ్చి అది మధ్యలో పడగానే తోక పోయింది, చిన్న గీత అయింది, నెత్తిన ఒక నుక్తా పెట్టుకుంది. మన యే నుక్తాలు కింద పెట్టుకుంటుంది, వాళ్ల ఐ నుక్తా పైన పెట్టుకుంటుంది. రెండు లిపులూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. ఉర్దూలో అది ఒకే అక్షరం రెండు వేషాలు, ఇంగ్లీషులో రెండు వేరే అక్షరాలు. ఆ ఫరఖ్ ఉంది. కానీ చివర ఒక రూపం, మధ్యలో ఒక రూపం అనే అలవాటు మన చేతికి చిన్నప్పుడే పట్టింది.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఇంకో సంగతి దొరికింది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుతుంటే తెలుగు మాటల చివరి ఇకారం కూడా ఊరుకోదని తెలిసింది. నది, నదులు. పిల్లి, పిల్లులు. గది, గదులు. కత్తి, కత్తులు. చివర గుడి ఉంటే బహువచనంలో అది కొమ్ము అయిపోతుంది. మనిషి అయితే మరీ, మధ్యలో ఉన్న ఇకారాన్ని కూడా వెంట లాక్కుపోయి మనుషులు అవుతుంది. కానీ స్త్రీ, స్త్రీలు. పార్టీ, పార్టీలు. లారీ, లారీలు. దీర్ఘం ఉంటే కదలదు. ఇంగ్లీషులో అచ్చు అండ ఉన్న వై కదలనట్టే, తెలుగులో గుడిదీర్ఘం కదలదు. మూడు జబాన్లు, రెండు కుటుంబాలు. మూడింటికీ మాట చివర ఆ ‘ఈ’ శబ్దం దగ్గరే ఏదో ఒక హిసాబ్ ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆపా ఇంట్లో జరిగింది చెప్పాలి.

ఆపా ఉర్దూ బడిలో ఏడు దాకా చదివింది. ఇంట్లోనే బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడుతుంది. దూల్హాభాయ్ యార్డులో టిక్కీలు మోస్తారు. వాళ్ల అమ్మాయిని అయిదు దాకా ఉర్దూలో చదివించి, ఆరులో ఇంగ్లీషు మీడియంలో వేశారు. ఇలా మారుస్తున్నది వాళ్లొక్కరే కాదు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ 2019 నవంబరులో 81వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అఖ్బారుల్లో రెండు వైపులా బోలెడు వాదన నడిచింది. నేనూ ఆ వార్తలు రాశాను. కానీ మా మొహల్లాలో ఫైసలా ఎప్పుడో అయిపోయింది. కూలికి వెళ్లే ఇంట్లో కూడా ‘ఇంగ్లీషే’ అన్నారు. ఉర్దూ మీద మొహబ్బత్ లేక కాదు, నౌకరీ మీద ఆశ ఉండి.

ఆ ఆశకు ఒక ధర ఉంది. అమ్మాయి ఉర్దూ బడిలో ఉన్నన్ని రోజులూ సాయంత్రం ఆపా పక్కన కూర్చుని చదివేది. కుట్టు మిషను ఆడుతుంటేనే ఆపా ఇమ్లా చెప్పేది, తప్పు రాస్తే మిషను ఆపేది. మీడియం మారగానే ఆపా ఆ పక్క నుంచి లేచిపోయింది. ఎవరూ లెమ్మనలేదు. తనే లేచింది. పుస్తకంలో ఎర్ర సున్నాలు చుట్టి ఉంటే, కోర్టు సమను పట్టుకున్నట్టు పట్టుకునేది. అమ్మాయి కూడా అడగడం మానేసింది. కొన్నాళ్లకు ఇంగ్లీషు పరీక్షలో జవాబులు రాయడమే మానేసింది. ఖాళీగా వదిలేస్తే తప్పులు ఉండవు కదా అంది. ‘చదువు ఎక్కడం లేదు, పది అవగానే రిష్తా చూద్దాం’ అనే మాట ఇంట్లో రెండుసార్లు వచ్చింది. ఒక అక్షరం, ఒక పై కామా ఒక పిల్ల తాలీమ్‌ను ఎక్కడిదాకా నెట్టగలవో చూడండి.

నేను ఆ రోజు పాఠం చెప్పలేదు. ఆపానే అడిగాను. ‘లడ్కీ రాయి’ అన్నాను. పక్కనే నల్ల గుడ్డ పరిచి ఉంది, చేతిలో గుర్తులు పెట్టే సుద్ద ఉంది. గుడ్డ మీదే రాసింది. ‘ఇప్పుడు లడ్కియాఁ రాయి’ అన్నాను. రాసింది. ‘ఛోటీ యే ఏమైంది?’ అన్నాను. ‘ఏమవుతుంది, మధ్యలోకొచ్చింది, నుక్తాలు వచ్చినయ్’ అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. దాని కిందే ఇంగ్లీషులో లేడీ, లేడీస్ రాశాను. ఆపా కాసేపు చూసింది. తర్వాత సుద్ద నా చేతిలోంచి తీసుకుని వై తోక మీద ఒకటి, ఐ నుక్తా మీద ఒకటి గీత పెట్టింది.

‘క్యా రే, ఇత్తాచ్?’ అంది.

అంతే ఆపా, అన్నాను. అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. ‘మామూ, మరి బాయ్‌కి ఎందుకు మారదు?’ అని అడిగింది. నేను నోరు తెరవక ముందే ఆపా, ‘ముందర ఎవరున్నారో చూసుకో’ అంది. ఆ రాత్రి మిషను ఆలస్యంగా మొదలైంది.

అమ్మాయికి వంద మార్కులు వచ్చేశాయని చెప్పను. రాలేదు. కానీ ఖాళీలు వదలడం మానేసింది. ఆపా మళ్లీ ఆ పక్కకు చేరింది. రిష్తా మాట ఆగింది. ఒక సూత్రం ఇంతకన్నా ఇంకేం చేయాలి?

మీ ఇంట్లో ఈ ఖాయిదా చూపించడానికి పుస్తకం కూడా అక్కర్లేదు. మారిన వై మన చుట్టూ దాక్కుని ఉంది. శాదీఖానా బోర్డు మీద ‘మ్యారేజ్ హాల్’ స్పెల్లింగులో చాలామంది ఐ మింగేస్తారు. ఆ ఐ ఎక్కడిదో తెలిస్తే ఇక మింగరు. మ్యారీ చివరి వై అది. వెనక ఏజ్ చేరింది కాబట్టి ఐ అయింది. ఫారాల్లో మ్యారీడ్, అన్‌మ్యారీడ్ అని అడిగే చోటా అదే ఐ. అన్నం తీసుకెళ్లే టిఫిన్ క్యారియర్‌లో ఐ ఉంది. క్యారీ చివరి వై అది. షామియానాలు, దేగ్‌లు కిరాయికిచ్చే ‘సప్లయర్స్’ బోర్డులో ఐ ఉంది. సప్లై చివరి వై. బిజీలోంచి బిజినెస్ వచ్చింది. బ్యూటీలోంచి బ్యూటిఫుల్ వచ్చింది. పిల్లల్ని బట్టీ పట్టమనకండి. ‘ఇందులో వై ఎక్కడ దాక్కుందో వెతుకు’ అనండి. వాళ్లకది ఆట.

ఖాయిదా తప్పే మాటలు కొన్ని ఉన్నాయి, అవి చెప్పకపోతే మళ్లీ ఎర్ర సిరా. పే, సే, లే అనే మూడు క్రియల్లో వై ముందు అచ్చే ఉంది. అయినా జరిగిపోయిన కాలంలో వై పోయి ఐ-డీ వస్తుంది. పెయిడ్, సెడ్, లెయిడ్. ఈ మూడింటినీ చేత్తో రాయించి గుర్తు పెట్టించడమే మార్గం. ఇంకొకటి మనుషుల పేర్లు. మనిషి పేరు చివరి వైని బహువచనంలోనూ ముట్టుకోరు. రెడ్డిగారు నలుగురుంటే ఊరికే ఎస్ చేరుస్తారు, ఐ-ఈ-ఎస్ కాదు. పేరు ఒకరి అమానత్, దాన్ని విరగ్గొట్టకూడదు అనుకుంటే చాలు.

రెడ్డి పేరు రానే వచ్చింది కాబట్టి పై కామా సంగతికి వెళదాం. మన గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట్లో పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో హైదరాబాదులో మందుల కంపెనీ పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్. ఆ పేరు ఇంగ్లీషులో మీ ఇంట్లో ఉన్న ఏ మందు పెట్టె మీదో చూడండి. రెడ్డి చివర వై అలాగే ఉంది, తర్వాత పై కామా, తర్వాత ఎస్. అర్థం ‘డాక్టర్ రెడ్డిగారి’ అని. పక్కనే లేబొరేటరీస్. అక్కడ వై పోయి ఐ-ఈ-ఎస్ వచ్చింది. అర్థం ‘ప్రయోగశాలలు’ అని. ఒకటి ‘ఎవరిది’, ఇంకొకటి ‘ఎన్ని’. మన పిల్లలకు చెప్పాల్సిన పాఠమంతా ఆ ఒక్క పేరులో ఉంది.

ఎక్కువ తప్పులు ఈ రెండూ కలిపేయడం వల్లే వస్తాయి. బేకరీలు అనడానికి బేకరీ తర్వాత పై కామా, ఎస్. బిర్యానీలు అనడానికీ అదే. శాదీ కార్డు మీద ‘రిలేటివ్స్’ అని పైన పెడతారు. అలా రాస్తే చుట్టాలు అని కాదు, ఒక చుట్టానిది అని అర్థం. ఇంగ్లాండులో కూడా కూరగాయల దుకాణాల్లో ఇలాగే రాస్తారు. అందుకే ఆ తప్పుకు వాళ్లే ‘కూరగాయలవాడి అపాస్ట్రఫీ’ అని పేరు పెట్టుకున్నారు. బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ అయితే 2009లో వీధుల బోర్డుల మీద ఆ గుర్తు ఇక వాడేది లేదని చెప్పేసింది. కాబట్టి దీన్ని చూసి షరమ్ పడాల్సిన అవసరం మనకు లేదు.

పై కామాకు పనులు రెండే. మొదటిది, ఎగిరిపోయిన అక్షరం జాగాలో నిలబడటం. డు నాట్ కలిపేసి డోంట్ అన్నప్పుడు ఓ పోయింది, ఆ చోట గుర్తు పెట్టారు. ఈ పద్ధతి ఇంగ్లీషుకు 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. తెలుగు చదివిన వాళ్లకు అరసున్న గుర్తు చేస్తాను. పాత పుస్తకాల్లో ‘వీఁడు’ అని మధ్యలో అరసున్న ఉండేది. అక్కడ ఒకప్పుడు ఒక ముక్కు శబ్దం ఉండేదని చెప్పే నిషానీ అది. మనిషి లేచిపోయాక ముసల్లా మీద మిగిలిన మడతలాగా.

రెండో పని, ‘ఎవరిది’ అని చెప్పడం. ఇదీ మొదటి దానిలోంచే పుట్టింది. పాత ఇంగ్లీషులో ‘ఎవరిది’ అనడానికి ఈ-ఎస్ చేర్చేవాళ్లు. ఆ ఈ జారిపోయి దాని చోట గుర్తు మిగిలింది. ఉర్దూలో కా, కీ, కే ఏం చేస్తాయో ఇంగ్లీషులో ఇది అదే చేస్తుంది. ఎక్కడ పెట్టాలి అన్నదానికి ఒకే కిటుకు. ముందు హక్కుదారు ఎవరో పూర్తిగా రాసేయండి. ఆ మాట అయిపోయిన చోట గుర్తు పెట్టండి. లడ్కీ కీ కితాబ్ అయితే హక్కుదారు గర్ల్. ఆ మాట రాసి, గుర్తు పెట్టి, ఎస్. లడ్కియోఁ కా స్కూల్ అయితే హక్కుదార్లు గర్ల్స్. ఆ మాటకే చివర ఎస్ ఉంది, కాబట్టి గుర్తు పెడితే చాలు, ఇంకో ఎస్ వద్దు. పిల్లల పుస్తకం అయితే హక్కుదార్లు చిల్డ్రన్. ఆ మాటకు చివర ఎస్ లేదు. కాబట్టి గుర్తు పెట్టి ఎస్ రాయాలి. మన పేర్లలో అబ్బాస్, ఇద్రీస్, ఇలియాస్, అనస్ లాంటివి ఎస్‌తోనే ముగుస్తాయి. వాటికి గుర్తు పెట్టి ఇంకో ఎస్ రాసినా సరే, గుర్తుతో ఆపేసినా సరే. రెండూ చెల్లుతాయి, ఒకే కాగితంలో ఒకే పద్ధతి పాటించాలి, అంతే.

అందరూ తడబడేది ‘ఇట్స్’ దగ్గర. ‘దానిది’ అనే అర్థంలో గుర్తు ఉండదు. ‘అది ఉంది’, అంటే ఇట్ ఈజ్ అనే అర్థంలో గుర్తు ఉంటుంది. అనుమానం వస్తే విప్పి చదవమనండి. ఇట్ ఈజ్ అని చదివితే అర్థం కుదిరిందా, గుర్తు పెట్టాలి. కుదరలేదా, పెట్టకూడదు. హిజ్, హర్స్, అవర్స్, యువర్స్ వేటికీ పై కామా లేదు కదా, ‘దానిది’ కూడా ఆ ఖాందాన్‌లోదే.

ఆపా దుకాణం బోర్డు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లేడీస్ టైలర్ అని రాయిద్దామని పెయింటర్ని పిలిచింది. పై కామా ఎక్కడ అని నన్ను అడిగింది. లేడీస్ మొత్తం రాసేశాక, ఎస్ తర్వాత అన్నాను. చాలామంది బోర్డుల మీద దాన్ని వదిలేస్తారు, వదిలినా ఎవరూ ఏమీ అనరు, ఎస్ ముందు మాత్రం పెట్టించకు అన్నాను. పెయింటరు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు. ‘ఆ గుర్తుకు కూడా పైసలా?’ అని ఆపా బేరం ఆడింది. ఉచితంగా పెట్టించుకుంది. మా వీధిలో ఆ గుర్తు సరైన చోట ఉన్న బోర్డు ఇప్పుడు అదొక్కటే.

మన ఇళ్లలో ఈ గుర్తుకు మూడో పని కూడా ఉంది. దుఆ, జుమా, కాబా ఈ మాటలన్నిట్లో ఐన్ ఉంది. ఖుర్ఆన్‌లో హమ్జా ఉంది. గొంతులో పలికే ఆ శబ్దాలకు ఇంగ్లీషులో అక్షరాలు లేవు. అందుకని పై కామాను అక్కడ నిలబెడతారు. జాగ్రత్తగా రాసే పండితులు ఐన్‌కు ఒక వైపు, హమ్జాకు ఇంకో వైపు వంచి రాస్తారు. మామూలు కీబోర్డు మీద రెంటికీ ఒకటే. మన్సూర్‌కు ఈ బాధ లేదు కానీ మస్ఊద్ అనే పేరుకు ఉంది. కాగితం మీద ఆ గుర్తు ఎంత అందంగా ఉన్నా, చాలా ఆన్‌లైన్ ఫారాలు అక్షరాలు తప్ప గుర్తులు తీసుకోవు. ఒక కాగితంలో గుర్తు ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇక షేక్ అనే మాటనే మన మైదానాల్లో ఎన్ని రకాలుగా రాస్తున్నామో మీకు తెలుసు. రఫీ చివర ఐనా, డబుల్ ఈనా, బీ అనే మాటకు ఐనా, రెండు ఈలా? పేర్లకు సూత్రం లేదు, చివర వై ఉన్నా ఐ ఉన్నా తప్పు కాదు. ఒకటే నియమం. బడిలో మొదటిసారి ఎలా రాయించారో పదో తరగతి సర్టిఫికెట్‌లో అలాగే, అందులో ఎలా ఉందో మిగతా అన్నిట్లో అలాగే ఉండాలి. తొమ్మిదో తరగతిలో ఉండగానే ఒక సాయంత్రం కాగితాలన్నీ ముందు పెట్టుకుని సరిచూసుకోండి.

ఇంకొక్క మాట. ఇంగ్లీషు మనకు పరాయిది అని మనం భయపడతాం. మన నల్లరేగడిలో పండే పత్తిని వాళ్లు కాటన్ అంటారు. ఆ మాట అరబీ ‘ఖుత్న్’ నుంచి యూరపు జబాన్లలోకి వెళ్లింది. దూది ఏకే నూర్‌బాషాలు తరతరాలుగా ఉన్న నేల మనది. ఆ దూదికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు అరబీ దగ్గర తీసుకున్నదే. మాటలు ఇలాగే తిరుగుతాయి. ఎవరి దగ్గరా పూర్తిగా పరాయివి కావు.

కాబట్టి ఉర్దూ బడిలో చదివిన నా బెహెన్లకు ఒక గుజారిష్. మీ పిల్ల ఇంగ్లీషు పుస్తకం తెచ్చినప్పుడు ‘నాకు రాదు’ అనకండి. ఒక పలక తీసుకోండి. కుడి వైపు నుంచి రోటీ, రోటియాఁ మీరు రాయండి. ఎడమ వైపు నుంచి లేడీ, లేడీస్ పిల్లను రాయమనండి. రెండిట్లో ఏం మారిందో పిల్లనే చెప్పమనండి. చెప్పగానే ‘ముందర ఎవరున్నారో చూసుకో’ అనండి, చాలు. మిగతాది ట్యూషన్‌కు వదిలేయొచ్చు.